అమ్మానాన్నల పడగ్గదిని కాస్త కొత్తగా చేయాలి, బడ్జెట్ 15 వేలు. సలహాలు చెప్పండి

సుధ_ధవళేశ్వరం
అందరికీ నమస్కారం అండి. ధవళేశ్వరంలో మా ఇల్లు 1980ల్లో తాతగారు కట్టించింది. నేను బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి కాస్త ముందుగా వెళ్ళి అమ్మానాన్నల పడగ్గదిని బాగు చేయాలని ఉంది. అమ్మకి 64, నాన్నగారికి 71.

గది 11 అడుగులు బై 12 అడుగులు, ఎత్తు 10. తూర్పున నాలుగడుగుల కిటికీ ఒక్కటే. కింద మొజాయిక్. గోడలకి ఒకప్పుడు లేత ఆకుపచ్చ, ఇప్పుడు ఆ రంగుకి పేరు లేదు. పడమటి గోడ వెనక బాత్రూమ్ ఉంది, ఆ గోడకి మోకాలి ఎత్తు వరకు పెచ్చులు లేచిపోయాయి. టేకు పందిరిమంచం, దాని మీద గడ్డలు కట్టిన బూరుగు దూది పరుపులు, ఇనప బీరువా, రెండు ట్రంకు పెట్టెలు, గోడకి గోడకి మధ్య బట్టల దండెం, ఒక ట్యూబ్‌లైటు. ప్లాస్టిక్ కుర్చీ కూడా ఉంది కానీ దాని మీద మనిషి కూర్చోగా నేను చూడలేదు, ఎప్పుడూ బట్టలే.

నా ఆలోచన ఇది: ఒక గోడకి వాల్‌పేపర్, మంచి కర్టెన్లు, మంచం పక్కన చిన్న కార్పెట్, పసుపు వెలుతురు లైట్లు. పదిహేను వేలు దాటకూడదు. నాన్నగారు ప్రతి బిల్లూ అడిగి చూస్తారు. అడిగితే ఇద్దరూ "మాకెందుకే ఇప్పుడు ఇవన్నీ" అంటున్నారు.

వెంకట్_కేపీహెచ్‌బీ
సుధ గారూ, ముందు రూపాయి ఖర్చు పెట్టకుండా ఒక పని చేయండి. మంచం, బీరువా తప్ప గదిలో ఉన్నవన్నీ ఒకరోజు హాల్లో పెట్టి, ఖాళీ గదిని ఫోటో తీసి అమ్మగారికి చూపించండి. పాత గది అంటాం కానీ సగం గదుల్లో పాతబడింది గోడ కాదు, పెట్టెల మీద పెట్టెలు. ట్రంకు పెట్టెలు అటక మీదకి, వాడని దుప్పట్లు వేరే గదికి. తర్వాత ఏం కొనాలో దానంతటదే తెలుస్తుంది. బహుశా సగం కొనక్కర్లేదు.

డల్లాస్_ప్రసాద్
వాల్‌పేపర్ ఐడియా బాగుంది. వెనక కాగితం పీకి అంటించేవి దొరుకుతాయి, పనివాళ్ళు అక్కర్లేదు. మేము ఇక్కడ పాప గదికి ఒక్క మధ్యాహ్నంలో వేసేశాం. ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో చవకే.

రంగులరాజు_కాకినాడ
ప్రసాద్ గారూ, మీ ఇంట్లో గోడలు జిప్సం బోర్డువి, లోపల ఏసీ. ధవళేశ్వరంలో గోదారి పక్కన, బాత్రూమ్ ఆనుకుని ఉన్న ఇటుక గోడకి వాల్‌పేపర్ వేస్తే వచ్చే వానాకాలానికి వెనకాల బూజు పడుతుంది. పైకి కనపడదు కాబట్టి వాసన వచ్చాకే తెలుస్తుంది. వద్దండి.

సుధ గారూ, నేను పాతికేళ్ళుగా పెయింటింగ్ పనిలో ఉన్నాను. మీరు రాసిన దాంట్లో అసలు సంగతి ఆ పడమటి గోడే. మిగతావన్నీ దాని తర్వాతే. పెచ్చుల మీద తెల్లటి పొడి కనిపిస్తోందా? గోరుతో గీకితే రాలుతోందా?

సుధ_ధవళేశ్వరం
అవునండి, తెల్లగా ఉప్పులాగా రాలుతుంది. అమ్మ రోజూ ఊడుస్తుంది. ఆరేళ్ళ క్రితం ఆ గోడకి మళ్ళీ లప్పం పెట్టించి రంగు వేయించాం, ఏడాదిలో మళ్ళీ అంతే.

రంగులరాజు_కాకినాడ
అదే అనుకున్నాను. చెమ్మ గోడ లోపల ఉండగా పైన లప్పం పెడితే నిలవదు. లోపలి నీరు ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను కరిగించుకుని బయటికి వస్తుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పే రంగుని, లప్పాన్ని నెట్టేస్తుంది. ఎంత ఖరీదైన రంగైనా అంతే.

ముందు ఒక పరీక్ష చేయించండి. పెచ్చులు లేని చోట, కాస్త పైన, అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో గోడకి అంటించమనండి. మర్నాడో ఎల్లుండో చూస్తే, కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు చెమట పట్టి ఉంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు తడి ఉంటే అది గదిలోని గాలి తేమ, కిటికీ తెరిచి ఉంచితే తగ్గుతుంది.

గోడలోంచి అయితే బాత్రూమ్‌లో చూడాలి. ఆ కాలపు ఇళ్ళలో చాలావాటికి తర్వాతెప్పుడో టైల్స్ వేయించి ఉంటారు, వాటి మధ్య సందుల్లో తెల్ల సిమెంటు ఊడిపోయి ఉంటుంది. స్నానం నీళ్ళు అక్కడి నుంచే గోడలోకి దిగుతాయి. ఆ సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే, నీరు చొరనివ్వని ముద్ద) నింపిస్తే కిలో డబ్బాతో ఒక గోడ కింది భాగం, నేల మూలలు అయిపోతాయి. ఒకవేళ పైపు కారుతుంటే అది వేరే పని, ప్లంబర్‌ని పిలవాల్సిందే. ఒక్కసారి కుళాయిలన్నీ కట్టేసి రాత్రంతా చూడండి, పైన ట్యాంకులో మట్టం తగ్గితే పైపు సంగతే.

ఇంకోమాట. ఈ పని మీరు వచ్చాక కాదు, ఇప్పుడే నాన్నగారితో చేయించండి. నీరు ఆగాక కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది.

సత్యం_మాస్టారు
నేను రిటైర్ అయిన లెక్కల మాస్టార్ని, వయసు 73. మీ నాన్నగారి పక్షాన రెండు మాటలు చెప్పాలి.

పిల్లలు పండక్కి వచ్చి ఇల్లు సర్దిపోతారు. వాళ్ళు వెళ్ళాక కళ్ళజోడు ఎక్కడుందో, బీపీ మాత్రలు ఎక్కడున్నాయో నెలరోజులు వెతుక్కుంటాం. ఆ ప్లాస్టిక్ కుర్చీ గురించి హాస్యంగా రాశావు గానీ అమ్మాయీ, దాని మీద వేసే బట్టలు ఉతికినవీ కావు, విడిచినవీ కావు. సాయంత్రం మళ్ళీ కట్టుకునేవి. వాటికి బీరువాలో చోటు లేదు. కుర్చీ తీసేస్తే అవి మంచం మీదకి వస్తాయి. తీసేముందు ఆ బట్టలకు ఒక చోటు చూపించు. గోడకి ఐదారు కొక్కేలున్న చెక్క పలక చాలు.

గోడ మీద క్యాలెండర్ కూడా తీయకు. మంచం మీంచి తిథి, నక్షత్రం, గ్యాస్ బండ వచ్చిన తేదీ కనిపించాలి.

సుధ_ధవళేశ్వరం
మాస్టారూ, గ్యాస్ బండ తేదీ నిజంగానే రాస్తారు! క్యాలెండర్ ఉంటుంది, మాటిస్తున్నాను. కొక్కేల పలక బాగుంది, అది రాసుకున్నాను.

వెంకట్_కేపీహెచ్‌బీ
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అయినా ట్రంకు పెట్టెలు అటకెక్కాల్సిందే :)

లైట్ల విషయం ఎవరూ ఎత్తలేదు. గది మొహం మార్చేది రంగు కంటే లైటు. ఆ తెల్ల ట్యూబ్‌లైటు తీసేసి 2700 లేదా 3000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) అని రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి, రెండు మూలల్లో రెండు. హోటల్ గదిలా ఉంటుంది, ఖర్చు ఐదారు వందలు.

రేణుక_ఫిజియో
ఇక్కడ నేను అడ్డుపడాలి వెంకట్ గారూ. హోటల్ గది మసక వెలుతురు మనకి బాగుంటుంది. డెబ్భై ఏళ్ళ కంటికి కాదు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకి మారుతుంది, లోపలికి వెళ్ళే వెలుతురే బాగా తగ్గిపోతుంది. మనకి సరిపోయే లైటులో వాళ్ళకి మాత్రల పేరు కనపడదు, నేల మీద పడిన నీళ్ళు కనపడవు. నా దగ్గరకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక వచ్చే పెద్దవాళ్ళని ఎలా పడ్డారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే, రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు.

కాబట్టి సుధ గారూ, కార్పెట్ వద్దు. పట్టా, దరీ, గోనెపట్టా ఏదైనా సరే, మంచం పక్కన కదిలే గుడ్డ ఉండకూడదు. అంచు మడత పడితే కాలు తట్టుకుంటుంది. నున్నటి మొజాయిక్ మీద అయితే జారుతుంది కూడా.

మంచం ఎత్తు కొలవండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి, మోకాళ్ళు లంబకోణంలో ఉండాలి. మామూలు ఎత్తు మనుషులకి నేల నుంచి పరుపు పై వరకు 18 నుంచి 20 అంగుళాలు. పందిరిమంచాలు ముందే ఎత్తుగా ఉంటాయి, దాని మీద ఎనిమిదంగుళాల కొత్త ఫోమ్ పరుపు వేస్తే అమ్మగారు ఎక్కడానికి పీట కావాలి. కొత్త పరుపు అందరూ ఇచ్చే మొదటి కానుక, అందుకే ముందే చెబుతున్నాను.

వరంగల్_స్వాతి
రేణుక గారు దరీలు వద్దంటే మా ఊరు ఊరుకోదు :) కొత్తవాడ దరీ నేల మీద వద్దు అంటే సరే, మంచం కాళ్ళ వైపు గోడకు వేలాడదీయండి. మా అమ్మ వాళ్ళింట్లో అట్లనే ఉంటది, ఫోటో ఫ్రేముల కంటే చవక, దుమ్ము దులిపితే చాలు.

ఎలక్ట్రీషియన్_ఖాదర్
లైట్ల గొడవ నేను తీరుస్తాను. రెండూ పెట్టండి. సీలింగ్ దగ్గర 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటు లాంటి పొడుగు లైటు) ఒకటి, కానీ 6500 కెల్విన్ నీలి తెలుపు కాకుండా 4000 అని రాసి ఉన్నది అడగండి. షాపులో ముందు 6500 చేతిలో పెడతారు, ఎక్కువ అమ్మేది అదే కాబట్టి. 4000 మరీ పసుపు కాదు, మరీ ఆసుపత్రి తెలుపు కాదు, పని చేసుకోవడానికి సరిపడా వెలుతురు ఉంటుంది. రాత్రి కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి మంచం పక్కన గోడకి 3000 కెల్విన్ బల్బు. వెంకట్ అన్నకి, రేణుక మేడమ్‌కి ఇద్దరికీ నాయం జరిగింది.

అంతకంటే ముఖ్యం టూవే స్విచ్. పాత ఇళ్ళలో లైటు స్విచ్ గుమ్మం పక్కన ఒక్కటే ఉంటుంది. లైటు కట్టేసి చీకట్లో మంచం దాకా నడవాలి, మళ్ళీ లేచినప్పుడు చీకట్లోనే గుమ్మం దాకా నడవాలి. మంచం దగ్గర ఇంకో స్విచ్ పెట్టి రెండింటినీ కలిపితే ఎక్కడి నుంచైనా వేయొచ్చు, కట్టొచ్చు. గోడ పగలగొట్టక్కర్లేదు, ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో వైరు తీసుకెళ్ళొచ్చు. ఆ పట్టీకి కూడా గోడ రంగే వేయిస్తే కంటికి ఆనదు. కాబట్టి కరెంటు పని అయ్యాకే రంగులు.

ఇంకా మంచం నుంచి బాత్రూమ్ తలుపు దాకా మోకాలి కింద ఎత్తులో ఒక అర వాటు రాత్రి దీపం. నేల కనపడాలి, కళ్ళలో పడకూడదు. 1980ల వైరింగ్ కదా, పనిలో పనిగా ఎర్తింగ్ కూడా చూపించండి. ఎర్తింగ్ లేకుండా గీజర్ వాడే ఇళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

రేణుక_ఫిజియో
ఖాదర్ గారూ, ఆ రాత్రి దీపం మాట బంగారం. తీర్పు అంగీకరించాం.

పద్మజ_నర్సాపురం
సుధా, బూరుగు దూది పరుపు గడ్డ కట్టిందని పారేయకమ్మా. దూది ఏకే వాళ్ళు ఇప్పటికీ మీ వైపు ఉన్నారు, రాజమండ్రిలో పరుపుల దుకాణాల్లో అడిగితే దొరుకుతారు. పాత గుడ్డ విప్పి, దూది రెండు రోజులు ఎండలో పోసి, ఏకి, తగ్గినంత కొత్త దూది కలిపి కొత్త గుడ్డలో కుట్టిస్తారు. కొత్త పరుపులాగే పొంగుతుంది. ఎక్కడ తక్కువో ఎక్కడ ఎక్కువో నువ్వే చెప్పొచ్చు. మీ నాన్నగారి పక్క గట్టిగా, అమ్మ పక్క మెత్తగా చేయించు. షోరూమ్ పరుపులో ఆ సుఖం ఎక్కడిది? ఒక్కటే షరతు, వానాకాలంలో చేయించకూడదు, దూది తేమ పీలుస్తుంది. డిసెంబర్, జనవరి ఎండలు చక్కగా సరిపోతాయి.

తలగడల గలీబులకి మా వైపు లేసు అంచులు కుట్టించుకో. ఎక్కడ చూసినా మెషీన్ లేసు అమ్ముతున్నారు గానీ, చేత్తో కొక్కెంతో అల్లినది వేరు. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటి పనయ్యాక మధ్యాహ్నాలు అల్లేది ఇదే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, ఇప్పుడు ఇది ఈ ప్రాంతపు పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అంత గుర్తింపు వచ్చినా అల్లేవాళ్ళ చేతికొచ్చేది కొంచెమే, అందుకే కుదిరితే అల్లిన మనిషి దగ్గరే కొను. రెండు గలీబులకి అంచులంటే పెద్ద ఖర్చు కాదు. మంచం మొత్తానికి లేసు దుప్పటి మాత్రం నీ బడ్జెట్ మింగేస్తుంది, దాని జోలికి వెళ్ళకు.

సుధ_ధవళేశ్వరం
పద్మజక్కా, అమ్మకి ఇది చదివి వినిపించాను. "ఆవిడెవరో గానీ వివరం తెలిసిన మనిషి" అంది. ఇన్నాళ్ళూ ఏమీ వద్దన్న మనిషి పరుపు గుడ్డ మాత్రం నీలం గళ్ళది కావాలంటోంది!

కర్టెన్ల సంగతి చెప్పండి ఎవరైనా. రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ మార్కెట్‌లో తాను గుడ్డ కొని కుట్టించాలా, ద్వారపూడి వెళ్ళాలా, లేక ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కొనేయాలా?

అనిత_పెడన
రెడీమేడ్ కర్టెన్లు ఐదడుగులు, ఏడడుగులు, తొమ్మిదడుగులు అని లెక్కగా వస్తాయి. పాత ఇళ్ళ కిటికీలు ఏ లెక్కలోనూ ఇమడవు. కొలిచి కుట్టించుకోవడమే మంచిది.

నాలుగడుగుల కిటికీకి నాలుగడుగుల గుడ్డ వేస్తే దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. కుచ్చులు పడాలంటే వెడల్పుకి రెట్టింపు గుడ్డ కావాలి. తాను పన్నా 44 నుంచి 48 అంగుళాలు ఉంటుంది కాబట్టి రెండు పలకలు సరిపోతాయి. పైన కిందా మడతలతో కలిపి నాలుగు మీటర్లు, నేత గుడ్డ అయితే ఇంకో పావు మీటరు ఎక్కువ కొనండి, మొదటి ఉతుకులో లాగుతుంది. కుట్టించే ముందే ఒకసారి నీళ్ళలో పెట్టి ఆరేయండి. రాడ్ కిటికీకి ఆనించి కాకుండా అరడుగు పైన, అటూ ఇటూ అరడుగు ఎక్కువగా బిగిస్తే కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది, కర్టెన్ పక్కకి లాగినప్పుడు వెలుతురు పూర్తిగా వస్తుంది.

మాది పెడన కాబట్టి కలంకారీ కొనమని చెబుతానని అందరూ అనుకుంటారు. మీ కిటికీకి మాత్రం వద్దనే చెబుతాను. తూర్పు కిటికీ, రోజూ పొద్దుటెండ. సహజ రంగులు ఎండకి వెలుస్తాయి, ముందు కుచ్చుల అంచులు పాలిపోతాయి. కిటికీకి మామూలు లేత రంగు కాటన్ వేసి, కలంకారీని మంచం మీదకి తీసుకోండి. మంచం మీద పదేళ్ళు ఉంటుంది.

కొనేటప్పుడు ఒకటి చూడండి. చెక్క అచ్చుతో అద్దిన గుడ్డలో అచ్చుకి అచ్చుకి మధ్య అతుకు కనిపిస్తుంది, ఒకచోట వెంట్రుకవాసి కలిసిపోయి ఉంటుంది, ఇంకోచోట విడిపోయి ఉంటుంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గీత గీసినట్టు ఉంటే అది స్క్రీన్ ప్రింటు. స్క్రీన్ ప్రింటు కొనడం తప్పేమీ కాదు, కానీ అద్దకం ధర పెట్టి కొనకండి. అద్దకంలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెడతారు, నలుపు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళ నుంచి వస్తుంది, ఎరుపు నిలవడానికి పటిక. ఒక్కో రంగుకీ అద్దడం, ఆరబెట్టడం, ఉతకడం ఉంటాయి. ధరలో తేడా అక్కడిది. ఇంటికి తెచ్చాక మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో ఉతికి నీడన ఆరేయండి.

కొండవీటి_శర్మ
అన్నీ చెప్పారు గానీ తల ఎటు పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. దక్షిణానికి తల, ఉత్తరానికి కాళ్ళు. బీరువా నైరుతి మూలలో, తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి.

సత్యం_మాస్టారు
శర్మగారూ, 11 బై 12 గదిలో పందిరిమంచం తిరగడానికి ఉన్నది ఒకటే దిక్కు అయి ఉంటుంది. తాతగారు అది ముందే చూసుకుని కట్టించి ఉంటారు.

సుధ_ధవళేశ్వరం
అవును, తల దక్షిణానికే ఉంది. నైరుతి మూలే చెమ్మ పట్టిన మూల, అందుకే బీరువా అక్కడి నుంచి ఎప్పుడో జరిపేశారు. అక్కడే ఉంటే అడుగు తుప్పు పట్టేదని నాన్నగారు అంటారు.

రంగులరాజు గారూ, పాలిథిన్ పరీక్ష చేశారు. లోపలి వైపు నీటిచుక్కలు. ట్యాంకు మట్టం తగ్గలేదు, అంటే పైపు కాదు. బాత్రూమ్ టైల్స్ సందులు మీరు చెప్పినట్టే ఊడిపోయి ఉన్నాయట. నాన్నగారు ఈ వారమే గ్రౌట్ పెట్టిస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే మేస్త్రీతో బేరం కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు రంగుల లెక్క చెప్పండి.

రంగులరాజు_కాకినాడ
చాలా మంచి పని. లెక్క ఇదిగో. నాలుగు గోడల చుట్టుకొలత 46 అడుగులు, ఎత్తు 10, అంటే 460 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 420 దాకా. మామూలు ఇంటీరియర్ ఎమల్షన్ (నీళ్ళు కలిపి వేసే గోడ రంగు) లీటరు రెండు కోట్లకి 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది, గోడ నునుపుని బట్టి. మూడున్నర లీటర్లు చాలు, డబ్బా నాలుగు లీటర్లది తీసుకోండి. సీలింగ్ 132 అడుగులు, దానికి వేరే తెలుపు లీటరు. ప్రైమర్ రెండు లీటర్లు, పగుళ్ళకి లప్పం ఐదు కిలోలు, ఉప్పు కాగితం, బ్రష్షులు కలిపి రెండువేల రెండొందల దగ్గర వస్తుంది. కూలి మా వైపు లెక్కన ఇద్దరు మనుషులు రెండు రోజులు నాలుగు వేలు. ఖరీదైన మెరుపు రంగులు అడగొద్దు, పాత గోడకి మెరుపు వేస్తే ప్రతి గతుకూ కనిపిస్తుంది. మ్యాట్ బాగుంటుంది.

పడమటి గోడ కింది మూడడుగులు మాత్రం ఇప్పుడు వదిలేయండి. ఉప్పుని పొడి బ్రష్షుతో దులపండి, తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే వెళ్తుంది. ఊడే గచ్చు గీకించి, పండగ కోసం అక్కడ సున్నం కొట్టించండి. సున్నం గోడని ఊపిరి తీసుకోనిస్తుంది, లోపలి తడి బయటికి వస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకి పూర్తిగా ఆరాక గచ్చు చేయించి మిగిలిన అరలీటరు రంగు వేయించండి. రంగు నంబరు డబ్బా మూత మీద ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

ఒకటే కిటికీ కాబట్టి ముదురు రంగులు వద్దు. మీగడ తెలుపు, లేత గోధుమ రంగు లాంటివి చూడండి. కార్డు మీద చూసి నిర్ణయించకండి, గోడ మీద రెండడుగులు వేయించి పగలు, రాత్రి లైటులో చూడండి.

వెంకట్_కేపీహెచ్‌బీ
మూడడుగులు వేరేగా కనిపిస్తుంది కదా అని దిగులు పడకండి. మాస్టారి కొక్కేల పలక ఆ గోడకే పైభాగంలో పెట్టండి, కింద అంతా వేలాడే బట్టలే ఉంటాయి.

రంగులరాజు_కాకినాడ
వద్దు వద్దు. బట్టలు ఆనితే గోడ ఆరదు, బట్టలకీ వాసన పడుతుంది. ఆ గోడ ముందు ఏమీ పెట్టొద్దు. అడుగు దూరంలో కూడా.

సుధ_ధవళేశ్వరం
సరే, ఉత్తరపు గోడకి పెడతాను. నా లెక్క రాస్తున్నాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. రంగు సామాను 2200, కూలి 4000. గ్రౌట్, మేస్త్రీ కలిపి 1200. ఖాదర్ గారి బ్యాటెన్, టూవే, రాత్రి దీపం, వైరు, పనికి 2000 అనుకుంటున్నాను. పరుపులు ఏకించి కుట్టించడానికి 2000 అడిగారట. కర్టెన్ గుడ్డ, కుట్టుకూలి, రాడ్, ఒక కలంకారీ దుప్పటి కలిపి 2400లో ఇరికించాలి. మొత్తం 13,800. మిగిలిన 1200లో కొక్కేల పలక, లేసు అంచులు.

వాల్‌పేపర్, కార్పెట్ రెండూ కొట్టేశాను. నేను మొదట రాసినవాటిలో మిగిలింది కర్టెన్లే!

బీరువాకి కూడా రంగు వేయొచ్చా? తలుపు మీద గీతలు పడ్డాయి. మొజాయిక్ మీద ఎప్పటివో మరకలున్నాయి, ఊళ్ళో యాసిడ్ పోసి కడగమంటున్నారు.

రంగులరాజు_కాకినాడ
యాసిడ్ ముట్టుకోవద్దు. మొజాయిక్‌లో ఉండేది పాలరాతి ముక్కలు, సిమెంటు, యాసిడ్ రెండింటినీ తినేస్తుంది. అప్పటికి మరక పోయినట్టు కనిపిస్తుంది, తర్వాత నేల గరుకై ఇంకా ఎక్కువ మురికి పడుతుంది. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు పొడి, కొబ్బరిపీచు. దానికి లొంగనిది మెషీన్ పాలిష్‌కే లొంగుతుంది, అది ఈ బడ్జెట్‌లో రాదు.

బీరువా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉప్పు కాగితంతో పాత మెరుపు పోయేదాకా రుద్దండి, తుప్పు ఉన్నచోట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామిల్ రెండు పల్చటి కోట్లు. లీటరు కంటే తక్కువే పడుతుంది. ఎనామిల్ వాసన రెండు మూడు రోజులు ఉంటుంది కాబట్టి ఆ రాత్రులు అమ్మానాన్నలు వేరే గదిలో పడుకోవాలి.

పద్మజ_నర్సాపురం
బీరువా రంగు కంటే ముందు తాళంచెవులు ఎక్కడుంటాయో అమ్మనడుగు. ఖాళీ చేయించేది నువ్వు కాదు, ఆవిడే.

మియాపూర్_హరి
మంచి చర్చ. కడియం నర్సరీలు అంత దగ్గర పెట్టుకుని మొక్కలు ఎవరూ చెప్పలేదేంటి? పడగ్గదిలో స్నేక్ ప్లాంట్ పెడితే గాలి శుభ్రమవుతుందట, నాసా చెప్పింది.

రేణుక_ఫిజియో
నాసా 1989లో చేసిన ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. తలుపు, కిటికీ ఉన్న గదిలో ఒకటి రెండు మొక్కలతో గాలికి ఒరిగేది లెక్కలోకి రాదు. చూడ్డానికి బాగుంటుంది కాబట్టి పెట్టుకోండి, అంతే. సీసాలో నీళ్ళు పోసి పెంచే మనీప్లాంట్ మాత్రం వద్దు, నీళ్ళు మార్చడం మర్చిపోతే దోమల ఇల్లు అవుతుంది.

సుధ_ధవళేశ్వరం
మొక్క ఒకటి కిటికీ బయట అరుగు మీద పెడతాను, నేల మీద తట్టుకునేది ఏదీ వద్దని తేల్చుకున్నాను.

దండెం గురించి అమ్మతో మాట్లాడాను. కొక్కేల పలక పెట్టినా దండెం ఉండాల్సిందేనట, వానాకాలం తువ్వాళ్ళు ఎక్కడ ఆరేయాలి అంటోంది. కిటికీ వైపు గోడకి మార్చడానికి ఒప్పుకుంది. రెండు ట్రంకు పెట్టెల్లో ఒకటి అటకెక్కుతుంది, రెండోది ఆవిడ పెళ్ళి పెట్టె, అది కదలదు.

వెంకట్_కేపీహెచ్‌బీ
ఒకటి అటకెక్కింది కదా, నాకు చాలు.

మియాపూర్_హరి
ఇదే చర్చలో నాదీ అడిగేస్తాను. నేను అద్దె ఫ్లాట్‌లో ఉన్నాను, ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. కిటికీకి కర్టెన్ ఎలా?

ఎలక్ట్రీషియన్_ఖాదర్
హరి భాయ్, కిటికీ గూడు లోపలే రెండు పక్కల గోడలకి బిగుసుకునే స్ప్రింగు రాడ్ దొరుకుతుంది, తిప్పితే పొడవు పెరిగి ఒత్తుకుంటుంది. గూడు ఐదడుగుల లోపు ఉండాలి, అంతకు మించితే మధ్యలో వంగుతుంది. పల్చటి కాటన్ మాత్రమే వేయండి, బరువైన గుడ్డ ఆగదు. అంటించే హుక్కులు టైల్స్ మీద, గాజు మీద బాగానే నిలుస్తాయి కానీ డిస్టెంపర్ గోడ మీద వద్దు. హుక్కుతో పాటు రంగు కూడా ఊడి వస్తుంది, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారు.

అనిత_పెడన
స్ప్రింగు రాడ్ అయితే గూడు లోపలి కొలతే తీసుకోండి హరి గారూ, గుడ్డ పొడవు గట్టు నుంచి అంగుళం పైకి ఆగేలా కుట్టించండి. వాన జల్లు పడే వైపు కిటికీ అయితే రెండంగుళాలు.